చెదరని మసి

"బాపు పోయిండు. అమ్మేస్త, జర గొట్టాలు బిగించు మిస్త్రీ," అంది ఇంద్రమ్మ.

తాండూరులో తుపాకులు బాగుచేసే ఖాసిం ఆ జంట గొట్టాల తుపాకిని విప్పాడు. గొట్టాల కింద బిగిసే కొక్కేనికి దీపం మసి పూసి, మూసి, మళ్లీ తెరిచాడు. మసి ఎక్కడా చెదరలేదు. ఇనుముకు ఇనుము తగలడం లేదు; కొక్కెం బాగా అరిగింది.

"మీ బాపు అడివిపందుల కోసమంటే పందొమ్మిది వందల నలభై ఏడుల నేనే బిగించిన. ఆ బిగింపు పదేండ్లు ఆగాలె. మస్తు పేల్చిన్రమ్మా."

"యాడ పేల్చిన్రు? నలభై ఎనిమిదిల సర్కారోళ్లు జప్తు చేసిన్రు. మొన్ననే వాపస్ ఇచ్చిన్రు."

"అంటే ఆ ఒక్క ఏడాదిలనే అరిగింది."

"ఆ ఏడు ఒక్క తూటా గూడ పేల్చలేదన్నడు బాపు. మా ఊరి కురుమోళ్ల గుడిసెల మీద కాల్చింది రజాకార్లేనని..." ఇంద్రమ్మ కొక్కెం మీది మసి వంక చూసింది.

ఖాసిం ఆకురాయి కింద పెట్టాడు.

"ఆ గుడిసెలల్ల జంగమ్మ ఒక్కతే మిగిలింది," అంది ఆమె మెల్లగా. "తన పానం పోయేదాంక బాపు ఆమెకు జొన్నలు పంపిండు. దొడ్డ మనసనుకున్న."