జాలీ డబ్బాలో రాణి

తేనెటీగల పెట్టె మూతకు చెవి ఆనించి అమ్మ వింటోంది. ముఖానికి కూతురి వల, చేతులకు అంట్లు తోమేటప్పుడు వేసుకునే రబ్బరు తొడుగులు, ఒంటి మీద భర్త వానకోటు. లోపల హోరు తగ్గిందో పెరిగిందో తేల్చుకోలేకపోతోంది. తగ్గితే చచ్చిపోతున్నాయేమోనని, పెరిగితే కొట్టుకుంటున్నాయేమోనని భయం.

మేడమెట్ల దగ్గర నిలబడి భర్త దిగి రమ్మంటున్నాడు. ఆవిడ వినిపించుకోలేదు.

పెట్టెలో పాత రాణి చనిపోయింది. రాణి అంటే ఏలేది కాదని, గుడ్లు పెట్టే తల్లి అని, పెట్టెలో అందరికీ అదొక్కటే తల్లి అని కూతురు చెప్పింది. పిల్లల్ని సాకేవి, మైనంతో గదులు కట్టేవి, గుమ్మంలో కాపలా కాసేవి, పూల మీదికి పోయేవి అన్నీ ఆడవేనట. కానీ తల్లులు కాలేవట. మగ ఈగలకు ఏ పనీ లేదు. రాణితో గాలిలో ఒక్కసారి జతకట్టి అక్కడికక్కడే రాలిపోతాయట. అది విన్న భర్త పేపరు దించి, ఆ లెక్కన తన బతుకే నయమన్నాడు. అమ్మకు మాత్రం బుర్ర తిరిగింది. అన్నీ ఆడవే అయితే తల్లి ఒక్కతే ఏమిటి? ఆ ఒక్కతీ పోతే ఇల్లేం కావాలి?

"ఇల్లు అయిపోతుందమ్మా. ఉన్నవాళ్లు ముసలివాళ్లై పోతారు, కొత్తవాళ్లు పుట్టరు" అంది కూతురు.

ఉద్యోగం మానేసి పెట్టుకున్న మొదటి పెట్టె అది. ఇది నిలబడకపోతే మళ్లీ ఆ ఆఫీసుకే పోతానని తండ్రికి మాటిచ్చింది.

నిన్న ఈగల పెంపకందారు దగ్గర్నుంచి కొత్త రాణిని తెచ్చింది. రాణి ఉన్నది అగ్గిపెట్టెంత సన్నతీగల జాలీ డబ్బాలో, దాని గుమ్మానికి అడ్డంగా పంచదార ముద్ద. డబ్బాను పెట్టె మూత కింద ఉంచి, ఆ ముద్దను ఈగలే మెల్లగా తిని దారి చేస్తాయని, అంతదాకా ఎవరూ వేలు పెట్టొద్దని చెప్పి పొరుగూరికి శిక్షణ తరగతికి వెళ్లింది. ఎందుకని అమ్మ అడిగితే "అదంతే" అంది. ఈవిడకు ఏం చెప్పినా గుండెదడేనని ఇంట్లో ఎవరూ ఏదీ పూర్తిగా చెప్పరు.

అమ్మ మూత ఎత్తింది.

డబ్బా కనబడలేదు. ఈగలు పొరలు పొరలుగా దాన్ని కప్పేశాయి. కొన్ని జాలీని కొరుకుతున్నాయి. ఈకతో తోస్తే కదల్లేదు. కోపమా? ఆకలా? ఆకలైతే పంచదార వైపు ఒక్కటీ పోదేం? అందరికీ లోపలున్న తల్లే కావాలి. పుట్టగానే కూతుర్ని ఆసుపత్రిలో అద్దాల గదిలో పెట్టినప్పుడు, తనూ ఆ అద్దానికి ఇలాగే అతుక్కుపోయింది. అవతలికి పొమ్మన్న నర్సుకేం తెలుసు?

కూతురికి ఫోన్ చేసింది. ఆపేసి ఉంది. తినకుండా ఆ తల్లి లోపలే పోతేనో? పిల్ల మళ్లీ ఆఫీసుకు పోయి, మునుపటిలా అన్నం మానేసి మంచం పడితేనో?

"ముట్టుకోవద్దంది కదా" అన్నాడు భర్త.

"తల్లి లోపల, పిల్లలు బయట. చూస్తూ ఎలా ఊరుకోమంటారు?"

తలపిన్నుతో పంచదార ముద్దను పెకలించింది.

రాణి బయటికొచ్చింది. పొడుగ్గా, తక్కినవాటి కంటే నిదానంగా. కనురెప్పపాటులో ఈగలన్నీ దాని మీదికి ఎగబడ్డాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి, గుండ్రంగా ముద్ద కట్టాయి. అమ్మ కళ్లు తుడుచుకోబోతే వల అడ్డొచ్చింది. ఊహ తెలిశాక మొదటిసారి ఆవిడకు దేనికీ భయం వేయలేదు.

మూత వేసి దిగేసరికి ఫోన్ మోగింది. కూతురే. ఏమైందని అడగకముందే అమ్మ అంతా చెప్పేసింది.

"తిట్టకే. వాళ్లమ్మను వాళ్లకిచ్చేశాను. ఎలా కావలించుకున్నారనుకున్నావు, నిమ్మకాయంత ముద్దయ్యారు. ఒక్కరూ వదలడం లేదు."

అమ్మ ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది.

"ఏమే, వింటున్నావా?"

"అమ్మా, పరాయి రాణిని అలాగే చంపుతారు."