మూడో విజిల్

ఆ రోజుల్లో పాట ఎవరి చెవికి వారిదే. మనసెలా ఉంటే అలాంటి పాటను, చెవిలో పెట్టుకునే చెవిపూస అప్పటికప్పుడు అల్లి వినిపించేది. అందుకే కిందటి క్రిస్మస్ విందులో పాతికమంది ఒకే హాల్లో కూర్చుని పాతిక రకాలుగా తలలూపారు. ఒకరితో ఒకరు మాట్లాడింది లేదు. విందు ఇచ్చిన జసింతమ్మకు ఒళ్ళు మండిపోయింది.

ఈసారి ఆమె అటక మీది రికార్డ్ ప్లేయర్ దింపింది. తల్లి దాచిన పాత రికార్డుల్లోంచి ఏడు పండుగ పాటలు ఏరి, వంటింటి గట్టు మీదే తిప్పుతూ, పక్కన మైకు పెట్టి వరుసగా రికార్డు చేసుకుంది. పండుగ నాడు అందరి చెవిపూసలూ పళ్ళెంలో పెట్టించి, ఆ పాటలు హాలంతా వినపడేలా పెట్టింది.

"అందరికీ ఒకటే పాటా అత్తయ్యా? నచ్చకపోతే?" అంది చిన్నకోడలు గ్లోరీ.

"నచ్చకపోతే అందరం కలిసే తిట్టుకుందాం."

రెండు పాటలైనా అందరూ బిగుసుకునే కూర్చున్నారు. ఒకరిద్దరి చూపు పళ్ళెం మీదికి పోయింది. మూడో పాట మధ్యలో కుక్కర్ మూడుసార్లు కూత వేసింది. వెంటనే జసింతమ్మ గొంతు: "ఏవండీ, మూడు విజిల్స్ అయ్యాయి, స్టవ్ కట్టేయండి."

పాటలు రికార్డు చేసిన రోజు పొయ్యి మీద మాంసం ఉడికిందని, ఆ కూతలూ తన కేకా కూడా అందులో పడ్డాయని ఆమె మరిచేపోయింది.

భర్త దేవసహాయం, ఇద్దరు కొడుకులు, పక్కింటి ప్రభుదాసు ఒక్కసారే లేచి వంటింట్లోకి పరుగెత్తారు. స్టవ్ ఎప్పుడో కట్టేసి ఉంది. నలుగురూ మొహాలు చూసుకున్నారు. హాలంతా విరగబడి నవ్వింది.

"ఆ పాట మళ్ళీ వేయండి అత్తయ్యా," అంది గ్లోరీ.

మళ్ళీ వేస్తే, మూడో కూత రాగానే హాలంతా ఒక్క గొంతుతో "స్టవ్ కట్టేయండి" అని అందుకుంది. దేవసహాయం మాత్రం, ఎందుకైనా మంచిదని, ఇంకోసారి వెళ్ళి చూసొచ్చాడు.