గోడవైపు తిరిగిన మనిషి

మూడో అంతస్తు దాటిన లిఫ్టు నాలుగోది చేరకుండానే ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

లోపల ముగ్గురున్నారు. లెక్కల టీచరు, ఆమె అత్తగారు, మూలన ముక్కూమొహం తెలియని మనిషి ఒకడు.

అత్తాకోడళ్లు ఐదో అంతస్తులో డాక్టరు దగ్గరికి బయల్దేరారు. అతను ఎక్కగానే పన్నెండు నొక్కి, మళ్లీ తల ఎత్తలేదు.

వయసు యాభై దాటి ఉంటుంది. చేతిలో మాత్రం పిల్లలు ఆడుకునే వీడియోగేమ్ పెట్టె. అటూ ఇటూ బటన్లు, మధ్యలో తెర. తెర మీద ఆట లేదు, టీవీ సీరియల్ నడుస్తోంది.

టీచరు గంట బటన్ నొక్కింది. బయటి నుంచి వాచ్‌మన్ అరిచాడు.

"కంగారు పడకండమ్మా! మెకానిక్ బయల్దేరాడు. అరగంటలో వచ్చేస్తాడు!"

"అరగంటా?" అంది అత్తగారు. ఆ ఒక్క మాటకే ఆవిడకు ఆయాసం మొదలైంది.

"మందు పీల్చండత్తయ్యా. సంచిలో ఉందిగా."

"సంచి నీ మొగుడి దగ్గరుంది. నేను తెస్తాలే అమ్మా అని కారులోనే పెట్టుకున్నాడు."

పోయిన నెల ఇలాంటి ఆయాసమే వస్తే ఆవిడను రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు.

ఆవిడ ఛాతీ కొలిమితిత్తిలా ఎగిరెగిరి పడుతోంది. టీచరు ఫోను చూసుకుంది. సిగ్నలు లేదు.

"ఏమండీ, మీ ఫోను పనిచేస్తోందా?"

అతను తల అడ్డంగా ఊపాడు. కళ్లు తెర మీదే ఉన్నాయి.

టీచరుకు ఒళ్లు మండింది.

"పక్కన పెద్దావిడ ఊపిరాడక కొట్టుకుంటుంటే సీరియలేంటండీ? ఇంత వయసొచ్చి చేతిలో ఆటబొమ్మొకటి!"

అతను అప్పుడు తల ఎత్తాడు. ఆవిడను చూశాడు. తెరను చూశాడు. మళ్లీ ఆవిడను చూశాడు.

పెట్టె తీసుకెళ్లి ఆవిడ చేతుల్లో పెట్టాడు.

"ఇది చూడండమ్మా. దీని మీద నుంచి కళ్లు తీయకండి. ఊపిరి మెల్లగా వదులుతూ ఉండండి."

అంతే. గోడవైపు తిరిగిపోయాడు.

"అమ్మాయ్, ఇది మనం చూసే సీరియలేనే!" అంది అత్తగారు రొప్పుతూ. "అదిగో, ఆడపడుచు మళ్లీ బీరువా తాళాలు కొట్టేసింది!"

"చూడండత్తయ్యా, చూడండి."

"దీని దుంప తెగ! ఇన్ని బటన్లున్నాయి కదా, ఏది నొక్కితే దాని చెంప పగులుతుంది?"

"ఇది ఆట కాదత్తయ్యా."

"నొక్కితే పోయేదేముంది?"

రెండు బొటనవేళ్లతో టకటకా నొక్కింది. సీను వెనక్కి పోయింది. ఆడపడుచు తాళాలు మళ్లీ మొదటి నుంచి కొట్టేసింది.

"సిగ్గు లేదటే నీకు!" అని ఆవిడ ఫక్కున నవ్వింది.

నవ్వేటంత ఊపిరి ఉందన్నమాట. టీచరు ఒళ్లు కాస్త తేలికపడింది.

"ఫోన్లో చూసుకోవచ్చుగా బాబూ, ఇందులో ఎందుకు?" అని అడిగింది అత్తగారు.

"ఫోనైతే మధ్యలో మోగుతుందమ్మా. ఇందులో ముందే ఎక్కించి ఉంటాయి, ఇది మోగదు," అన్నాడతను గోడతో చెప్పినట్టు.

నుదురు గోడకు ఆనించి, పిడికిళ్లు బిగించి నిలబడ్డాడు. ఏవో అంకెలు గొణుగుతున్నాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది.

ఎక్కాలు రాని పిల్లల్ని టీచరు తన క్లాసులో అలాగే నిలబెడుతుంది. బొమ్మ పోయిందని అలిగాడు కాబోలు అనుకుంది.

మెకానిక్ వచ్చి తలుపులు విడదీసేసరికి సీరియల్ రెండో భాగంలో పడింది. పై అంతస్తు నేల నడుము ఎత్తున ఉంది. అత్తగారి కోసమని వాచ్‌మన్ లోపలికి స్టూలు దింపాడు.

దాని మీద ఆ మనిషే ముందు కాలు వేశాడు. వాచ్‌మన్‌ను నెట్టుకుంటూ పైకెక్కి, మెట్ల మీదుగా కిందికి దూసుకుపోయాడు.

"చూశారా! పెద్దావిడ ముందు దిగాలన్న ఇంగితం కూడా లేదు!" అంది టీచరు.

అత్తాకోడళ్లు స్టూలెక్కి బయటపడేసరికి సంచి పట్టుకుని కొడుకు రొప్పుతూ వచ్చాడు. "అమ్మా, మందు!"

"నీ ఆయాసం చూసుకోరా ముందు. నాకేం, నేను బాగానే ఉన్నా. జరుగు, ఆడపడుచు దొరికిపోయే చోటు వచ్చింది."

హమ్మయ్య అనుకుని టీచరు కిటికీ దగ్గర చల్లగాలికి నిలబడింది.

కింద వీధి అంచున ఆ మనిషి కూలబడి ఉన్నాడు. నెత్తిన సీసాడు నీళ్లు గుమ్మరించుకుంటున్నాడు.

అతని పెట్టె ఇక్కడే ఉండిపోయింది. టీచరు అత్తగారి చేతిలోంచి దాన్ని లాక్కుని పరుగున మెట్లు దిగింది. వీధి అంచున తడి తప్ప ఎవరూ లేరు.

అడ్రసేమైనా ఉందేమోనని పెట్టె తిప్పి చూసింది.

వెనక కాగితం అంటించి ఉంది. కింద ఫోను నంబరు. పోనీలే, తిరిగి ఇచ్చేయొచ్చు.

నంబరుకు పైన, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: "మా ఆయనకు తలుపులు మూసిన చోట ఊపిరాడదు, దయచేసి దీన్ని ఆయన చేతిలోంచి తీసుకోకండి."