మేనమామ గోడకుర్చీ

పెళ్లికి ఇంకా మూడు నెలలుంది. బీరప్పకు అప్పుడే గుండెల్లో రాయి పడింది.

మేనకోడలు సుస్మితను గంపలో కూచోబెట్టి పందిట్లోకి మోసుకురావాల్సింది మేనమామే. ఆ పిల్లకు ఉన్న మేనమామ అతనొక్కడే. ఐదేళ్ల కింద పెద్ద మేనకోడలి పెళ్లిలో నాలుగడుగులు వేసి గంపతో సహా బోర్లా పడ్డాడు. ఆ వీడియో కల్వకుర్తి చాయ్ హోటళ్లలో ఇంకా తిరుగుతూనే ఉంది.

"తమ్మీ, ఈసారి మా మరిది మోస్తడంట తియ్యి. నీకు షుగరాయె, మోకాళ్ల నొప్పులాయె" అంది అక్క సోమమ్మ.

పిల్ల చిన్నాయన మోసేటట్టయితే ఇక మేనమామ అని తానొకడు ఎందుకు? ఆ పూట బీరప్పకు ముద్ద దిగలేదు.

సుస్మిత ఊరుకోలేదు. మామను దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు అతని తొడ పట్టుకుని చూసి పెదవి విరిచాడు.

"కండ లేదు. కండ పెంచితే షుగర్ దిగుతది, మోకాళ్లకు బలమొస్తది. గుంజీలు తియ్యి, మెల్లగ బరువులెత్తు."

మర్నాడు పొద్దున్నే గొర్రెల దొడ్డి గోడకు ఆనుకుని బీరప్ప గోడకుర్చీ వేశాడు. బడిలో పంతులు వేయిస్తే ఏడ్చినవాడు యాభై నాలుగేళ్ల వయసులో కోరి వేశాడు. పక్కనే సుస్మిత కూడా వేసింది.

"నీకెందుకు బిడ్డా గీ తిప్పలు?"

"నీకు తోడుంటా మామా."

అతను నిమిషానికే కూలబడేవాడు. ఆమె మాత్రం గోడ వదిలి, అట్లాగే సగం కూచుని దొడ్డి చుట్టూ నడిచేది. తనను వెక్కిరిస్తోందనుకుని బీరప్ప చిన్నబుచ్చుకునేవాడు. గొర్రెలు మేత మానేసి చూసేవి.

మూడు నెలల్లో షుగర్ దిగింది. గుట్టెక్కినా మోకాళ్లు మూలగడం లేదు. నలభై కిలోల తౌడు బస్తాను ఒక్కడే లేపుతున్నాడు. కానీ అక్కడే ఆగిపోయాడు. సుస్మిత అరవై కిలోలు. మిగతా ఇరవై ఎవరు మోస్తారన్నదే అతని బెంగ.

పెళ్లి రోజు రానే వచ్చింది. గంప అల్లి తెచ్చిన బిక్షమ్మతో సుస్మిత గదిలో ఏదో గుసగుసలాడి, గంపలో కూచుని మామను పిలిచింది.

"నీ గొంగడి గంప చుట్టు కప్పు మామా, కిందిదాక. దిష్టి తగులుతది."

బీరప్ప కప్పాడు. దేవుణ్ని తలుచుకుని గంప అంచులు పట్టి లేపాడు. తౌడు బస్తా కంటే తేలిగ్గా లేచింది.

ఇరవై అడుగులు. ఎక్కడా తడబడలేదు. డప్పులు మోగాయి. చిన్నాయన నోరు తెరిచి చూశాడు. పీటల పక్కన గంప దించేసరికి బీరప్పకు సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

భోజనాల దగ్గర దొరికినవాణ్ణల్లా ఆపి తొడ చరిచి మరీ చూపించాడు.

"కండ ఉండాలె. కండ ఉంటే రోగం రాదు, పరువు పోదు. రేపటిసంది అందరు గోడకుర్చీ వెయ్యండ్రి."

అదే సమయానికి లోపలి గదిలో బిక్షమ్మ, పెళ్లికూతురి వణుకుతున్న తొడలకు నూనె రాసి, తాను అడుగుభాగం అల్లకుండా తెచ్చిన గంపను మామ కంట పడకముందే గొంగట్లో చుట్టేసింది.