విప్పుకోని ట్యాబ్

చాపలా చుట్టొచ్చు, కాగితంలా పరచొచ్చు అని కంపెనీ చాటిన ట్యాబ్ అది. గాజుల సన్యాసమ్మ జాతర బేరాల కోసం కొన్నది మాత్రం ఎండకి గొట్టంలా చుట్టుకుపోయి, ఇక విప్పుకోలేదు. గాజులు తొడగకుండానే చేతికెలా ఉంటాయో ఎదురు కొట్టు ట్యాబ్ చూపిస్తుంటే జనమంతా అటే పోయారు.

సన్యాసమ్మ చేతులు ముడుచుకు కూర్చునే మనిషి కాదు. ఇంకా వెలుగుతూనే ఉన్న ఆ గొట్టానికి గాజులు తొడిగి నిలబెట్టింది. పొద్దువాలేసరికి గాజుల్లోంచి ఎర్రటి, పచ్చటి వెలుగు వీధిలోకి పరుచుకుంది.

"అమ్మా, నాకా దీపం గాజులే కావాలి!" అంటూ ఆడపిల్లలు తల్లుల్ని ఇటు లాక్కొచ్చారు.

రాత్రికి, కబురందుకున్న కంపెనీ మనిషి ఆయాసపడుతూ వచ్చాడు. "తప్పయిపోయిందమ్మా. కొత్తది ఇస్తాను."

"అదీ ఇలాగే చుట్టుకుపోద్దేటి బాబూ?"

"అబ్బే, చక్కగా విప్పుకుంటుంది!"

"అయితే నాకెందుకు? ఇలా చెడిపోయినవే ఇంకో నాలుగుంటే అట్టుకురా!"