ఎమిల్ అడిగిన కార్డు

"నాకా కార్డు కావాలి డాక్టరమ్మా. జింకల వేట మొదలయ్యేలోపే కావాలి."

ఎమిల్ హ్రాబక్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఇరాక్ యుద్ధం నుంచి తిరిగొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ కళ్ళు మూస్తే అదే రోడ్డు, అదే లారీ తగలబడుతూ ఉంటుంది. ఈ ఏడాది అయితే నిద్రన్నదే లేదు.

డాక్టర్ లెనోర్ వాసిల్కో పాతికేళ్ళుగా మానసిక వైద్యం చేస్తోంది. ఈ గంజాయి కార్డు గొడవంత తలనొప్పి ఆమెకు ఇంకోటి లేదు. పెన్సిల్వేనియాలో గంజాయిని మందుగా కొనుక్కోవాలంటే కార్డుండాలి. కార్డు రావాలంటే ఫలానా జబ్బుందని డాక్టరు సంతకం పెట్టాలి. రాష్ట్రం పెట్టవచ్చంటుంది. కేంద్రం గంజాయి నేరమే అంటుంది. ఇద్దరి మధ్యా నలిగేది డాక్టరు. కిందటేడు పక్క ఊళ్ళో ఒకాయన రోగి మొహం కూడా సరిగ్గా చూడకుండా రోజుకు అరవై సంతకాలు గీకి పారేశాడు. లైసెన్సు ఊడింది.

అందుకే ఆమె ఎమిల్‌ని నాలుగుసార్లు తిప్పించుకుంది. ఇవాళ నాలుగోసారి.

"దీంతో మీ పీడకలలు పోతాయని రుజువేం లేదు. కొందరికి నాలుగు రోజులు నిద్ర పడుతుంది. తర్వాత భయం ఇంకా పెరుగుతుంది. వేరే మందులున్నాయి."

"అవన్నీ మింగాను."

"మీకు గానీ మీ ఇంట్లోవాళ్ళకు గానీ చెవుల్లో మాటలు వినపడటం లాంటివి ఉన్నాయా?"

"లేవు."

"తాగుడు?"

"మానేసి తొమ్మిదేళ్ళు."

"చచ్చిపోవాలనిపిస్తుందా?"

"లేదమ్మా."

ఆమె వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోయింది. అసలు భయం వేరే ఉంది. కలం పక్కన పెట్టేసి సూటిగా అడిగింది.

"మీరు స్కూలు బస్సు నడుపుతారు. నలభై మంది పిల్లలు. ఒక్క మత్తు పరీక్షలో దొరికారంటే ఉద్యోగం పోతుంది. దొరక్కపోతే ఇంకా ఘోరం. నేనెలా సంతకం పెట్టను?"

"సోమవారమే మానేశాను."

"ఏంటీ?"

"రాజీనామా ఇచ్చేశాను. మీరు అదే అడ్డమంటారని తెలుసు."

ఆమెకు ఒళ్ళు మండింది. పదిహేనేళ్ళ ఉద్యోగం. ఆ బస్సెక్కే ప్రతి పిల్లకీ ఈయన మామయ్యే. ఒక్క గంజాయి పొట్లం కోసం అంతా వదులుకుంటాడా? ఇది జబ్బా, వ్యసనమా?

"బస్సు కంటే ఆ కార్డే ఎక్కువైందా మీకు?"

"అవునమ్మా."

ఇక మిగిలింది తుపాకుల మాట. ఈ లోయలో జింకల వేట మొదలైన రోజు స్కూళ్ళకే సెలవిస్తారు. పెళ్ళాలు అలిగినా, బాసులు అరిచినా ఆ రోజు మగాళ్ళు అడవిలోనే. అందుకే ఇక్కడికి వచ్చిన సగంమంది కార్డుంటే తుపాకీ దొరకదన్న మాట వినగానే కుర్చీ వెనక్కి తోసేసి లేచిపోతారు. "అదేదో ముందే చెప్పేయండి డాక్టరుగారూ, కాఫీ అయినా మిగుల్తుంది" అని బయట కూర్చుని రోగుల పేర్లు రాసుకునే గ్లెండా సతాయిస్తూ ఉంటుంది.

"కార్డున్న మనిషికి తుపాకీ అమ్మకూడదు. కేంద్రం చట్టం. తెలిసి అమ్మితే దుకాణం వాడి లైసెన్సు పోతుంది."

ఎమిల్ కుర్చీలోంచి కదల్లేదు. "దుకాణం వాడికి ఎలా తెలుస్తుంది?"

"కొనేటప్పుడు కాగితం నింపాలి, అందులో అడుగుతారు. అబద్ధం రాస్తే జైలు. వాడు మీ కార్డు కళ్ళారా చూస్తే ఇక రాయడాలు కూడా ఉండవు. పొమ్మంటాడు." ఆమె నిట్టూర్చింది. "ఇంట్లో ఉన్న తుపాకుల సంగతేంటి?"

"మా మేనల్లుడికి ఇచ్చేశాను. పక్క రాష్ట్రం ఒహాయోలో ఉంటాడు వాడు."

అదీ ఇచ్చేశాడన్నమాట. వాళ్ళ తాత నాటి రైఫిలుతో సహా.

"అందరూ వేట అయిపోయాక వచ్చి కార్డడుగుతారు. మీరేంటి, ముందే కావాలంటారు?"

"అప్పటిదాకా ఆగలేను."

ఆ మాట అంటూ ఆయన మోకాలి మీది టోపీని నలిపేశాడు. ఆమె అది చూసింది. మత్తు కోసం తహతహలాడుతున్నాడనుకుంది. అయినా జబ్బు నిజం, కాగితాలు సరిగ్గా ఉన్నాయి, చట్టం అడిగినవన్నీ అడిగింది. సంతకం పెట్టింది. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుంటే తప్పు చేశానా అని ఒకటే గుబులు. ఒక మంచి మనిషిని చేజేతులా గంజాయికి అప్పజెప్పానేమోనని బాధపడింది.

కార్డు వేట మొదలవడానికి ముందురోజు పోస్టులో వచ్చింది.

గంజాయి దుకాణం పోస్టాఫీసు పక్కనే. ఎమిల్ దాని ముందునుంచే బండి పోనిచ్చాడు, ఆగలేదు. నేరుగా డ్వైట్ తుపాకుల దుకాణానికి వెళ్ళాడు. లోపల ఇసకేస్తే రాలనంత జనం. డ్వైట్, ఎమిల్ ఒకటో తరగతి నుంచి జతగాళ్ళు.

"రారా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా? తూటాలు నీకోసం పక్కన పెట్టాను."

ఎమిల్ కార్డు తీసి గల్లా మీద పెట్టాడు.

డ్వైట్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఒరేయ్, బుద్ధుందా? లోపల పెట్టు. ఇది నా కంటపడ్డాక ఇక చచ్చినా నీకు తుపాకీ అమ్మకూడదురా."

"సరిగ్గా చూడు. నీ పనివాళ్ళకీ చూపించు."

"ఎందుకురా?"

ఎమిల్ కార్డును రెండు వేళ్ళతో ఇంకాస్త ముందుకు తోశాడు.

"రేపెప్పుడైనా నేనే వచ్చి నీ కాళ్ళు పట్టుకున్నా ఇవ్వకురా డ్వైట్, అప్పుడు నేను తుపాకీ అడిగేది జింక కోసం కాదు."