ఏడో గడి

“ఇంకా ఎన్ని?” గుమ్మంలోంచే అరిచాడు అధికారి.

“ఒక్కటే సార్,” అన్నాడు గుమస్తా తలెత్తకుండా.

“అయిదింటికల్లా జాబితా నా బల్ల మీదుండాలి. ఏ గడి ఖాళీగా ఉన్నా ఆ సంఘాన్ని కొట్టిపారెయ్. ఫోన్లు చేసి బతిమాలుకోవడం మన పని కాదు.”

అధికారి వెళ్ళిపోయాడు. నాలుగూ పదయింది. బల్ల మీద రాయి కింద ఒక కాగితం రెపరెపలాడుతోంది. ఇంకా ఆరేళ్ళ సర్వీసు ఉండగానే ఉద్యోగం వదిలేస్తానంటూ గుమస్తా ఆ పొద్దున రాసుకున్న కాగితం అది. జాబితాతో పాటే దాన్నీ ఆయన మొహాన పడేసి పోదామని అతని ఉద్దేశం.

రాష్ట్రంలో లాభాపేక్ష లేని సంఘాలన్నీ ఒక్క పుస్తకంలోకి ఎక్కాలని పైవాళ్ళకు బుద్ధి పుట్టింది. పుట్టిన బుద్ధి గుమస్తా మెడకు చుట్టుకుంది. ఎనిమిది నెలలకు లెక్క నలభై ఒక్క వేల రెండు వందల ఆరు దగ్గర తేలింది. ఆఖరిది తీరిక సంఘం. సభ్యులు ఇరవై ఎనిమిది మంది. పనివేళలు మూడు నుంచి ఏడు. ఆస్తి ఆరు కుర్చీలు, ఒక మంచినీళ్ళ కుండ. ఏడో గడిలో ‘సంఘం చేసే పని’ అన్నచోట ఏమీ లేదు.

“తీరికట తీరిక! పనీపాటా లేక పెట్టుంటారు,” అని విసుక్కుంటూ నంబరు నొక్కాడు.

“చెప్పండి,” అంది అవతల ఒక పెద్దావిడ.

“రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచమ్మా. మీ కాగితంలో ఏడో గడి ఖాళీగా వదిలేశారు. అయిదులోగా నింపకపోతే మీ సంఘం పేరు కొట్టేస్తారు. ఏం చేస్తారు మీరు?”

“అయ్యో, మేమండీ...”

“ఆగండి, పెన్ను రాయడం లేదు. ఈ ఆఫీసులో పెన్ను కూడా నా మాట వినదు. అసలు మీలాంటి వాళ్ళతో నా తల ప్రాణం తోకకొస్తోందమ్మా! ఒకే వీధిలో కుక్కలకు అన్నం పెట్టే సంఘం ఒకటి, కుక్కల్ని తరిమే సంఘం ఒకటి. రెండింటికీ అధ్యక్షుడు ఒక్కడే!”

“అదెలాగండీ?”

“నేనూ అదే అడిగాను. అన్నం పెట్టేది ఆయన, తరిమేది వాళ్ళావిడట. ఆవిడకు సంతకం రాదని ఈయనే పెడుతున్నాడట.”

అవతల చిన్నగా నవ్వు వినబడింది. గుమస్తాకు ఊపొచ్చింది.

“పాములు పట్టేవాళ్ళ సంఘం ఉంది. హార్మోనియం ఎవరింట్లో ఉండాలని కొట్టుకుని రెండుగా చీలిన పాటల సంఘం ఉంది. వెయ్యి మంచాల ఆసుపత్రీ సంఘమే, ఒక్క బీరువా ఉన్న గ్రంథాలయమూ సంఘమే. రెండింటికీ అవే ఏడు గళ్ళు! ఇన్ని వేల సంఘాల్లో నాకు పనికొచ్చేది ఒక్కటంటే ఒక్కటి లేదమ్మా.”

“ఊఁ.”

“సరే, మీ సంగతి చెప్పండి.”

“మాదేమంత పెద్ద పని కాదండీ, మేము...”

“పెద్ద పని కాదంటారు, తర్వాత వచ్చి మా పేరు చిన్నక్షరాల్లో పడిందని నా మీదే ఎగురుతారు. నిన్న ఒకాయన అలాగే ఎగిరాడు. మా అధికారి నా పక్కన నిలబడతాడనుకున్నాను. వచ్చినాయన ముందు నన్నే వెధవను చేశాడు. ముప్పై ఏళ్ళ చాకిరీ అమ్మా! అందరూ చూస్తున్నారు.”

“చాలా కష్టంగా అనిపించుంటుంది.”

గుమస్తా పెన్ను కింద పెట్టాడు. ఆవిడ తొందరపెట్టలేదు.

“ఇంతకు ముందు కూడా తిట్టేవాడే,” అన్నాడు. “అప్పుడు ఇంత మండేది కాదు. ఇంటికెళ్ళి మా ఆవిడతో ఆయన్ని నాలుగు తిట్టుకునేవాణ్ణి. తను బట్టలు మడతపెడుతూ ‘ఊఁ’ అనేది. సలహా చెప్పేది కాదు, ఓదార్చేదీ కాదు. ఊఁ అంతే. మర్నాటికి మళ్ళీ మనిషినయ్యేవాణ్ణి. తను పోయిన వారానికే ఈ జాబితా నాకు అంటగట్టారు. ఇప్పుడు తాళం తీసుకుని లోపలికెళితే... బట్టలు కుర్చీ మీద కుప్పగా ఉంటాయమ్మా.”

“ఊఁ,” అంది ఆవిడ.

గుమస్తా కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఈ మాట తోడబుట్టిన అక్కతో కూడా అనలేదు. ముక్కూ మొహం తెలియని మనిషితో అన్నందుకు సిగ్గేసింది. కానీ ఎనిమిది నెలలుగా గుండెల మీదున్న బరువు కొంచెం జరిగినట్టుంది.

రాయి కింది కాగితం లాగి మళ్ళీ చదువుకున్నాడు. మూడు వాక్యాల్లో రెండు తప్పులున్నాయి. ఇలాంటిది ఇచ్చిపోతే జన్మంతా నవ్వుకుంటాడు మహానుభావుడు! నాలుగుగా చింపి బుట్టలో వేశాడు.

గడియారం ముల్లు అయిదుకు దగ్గరపడింది.

“అయ్యో, ఊరందరి గోలా మీకు చెప్పి అసలుది మరిచాను! ఏమీ అనుకోకండమ్మా. ఈసారి అడ్డురాను, ఒట్టు. మీ సంఘం చేసే పనేమిటి?”

“ఇంతసేపూ చేసిందేనండీ.”